నాయెఫ్ చెప్పని నలభై నిమిషాలు

జోర్డాన్‌లోని సల్త్ పట్నంలో గ్యాస్ బండి నాయెఫ్ కథ వినని ఇల్లు లేదనే చెప్పాలి. అక్కడ ఇళ్లన్నీ కొండని పట్టుకుని వేలాడుతున్నట్టుంటాయి. బండి కింద రోడ్డు దాకానే వెళ్తుంది. ఆ పైన భుజాన గ్యాస్ బండ మోసుకుంటూ ఎనభై మెట్లో, నూటిరవై మెట్లో ఎక్కాల్సిందే. పైకి చేరి, ఖాళీ బండ తీసి నిండుది బిగించి, నాయెఫ్ మెడ తుడుచుకుంటుంటే ఇంటావిడ జాలిపడి టీ ఇచ్చేది. ఇచ్చి ఊరుకోక, "మోకాళ్లెలా ఉన్నాయి అబూ లైత్?" అని, లైత్ నాన్నా అన్న అర్థంలో కొడుకు పేరుతో పిలిచి అడిగిందా, ఇక కథ మొదలు.

"ఇవి ఇలా అరగాల్సిన మోకాళ్లు కావమ్మా. నేను ఇంజనీరు కావాల్సినవాణ్ణి. తొంభయ్యో సంవత్సరంలో తౌజీహీ పరీక్ష రాశాను. లెక్కల్లో క్లాసుకి రెండోవాణ్ణి. ఆఖరి లెక్క సగంలో ఉంది, ఇంకా అయిదు నిమిషాలు టైముంది. ఆ రోజు మా హాల్లో మిఫ్లెహ్ మాస్టారని ఒకాయన కాపలా ఉన్నాడు. వచ్చాడు, చేతిలోంచి పేపరు లాక్కున్నాడు. నలభై ఎనిమిది వచ్చాయి. పాసవడానికి యాభై. రెండు మార్కులమ్మా. రెండే రెండు."

అని రెండు వేళ్లు చూపించేవాడు. ఇంటావిడ నాలుక చప్పరించి "పాపం" అనేది. కొందరు బిస్కెట్లు పెట్టేవాళ్లు. ఒకావిడైతే కళ్లు తుడుచుకుంది కూడా. ఆమె కొడుకు ఆ ఏడే తౌజీహీ తప్పాడు.

మన దగ్గర ఆ పరీక్ష సంగతి తెలిసిందే కదా. పన్నెండో తరగతి చివర రాసే ఆ పరీక్ష పాసయితే కార్ల హారన్లు, మిఠాయిలు. తప్పితే ఇంటి తలుపులు మూసుకుని కూర్చోవడం. పిల్ల సంబంధానికి వెళ్లినా, ఉద్యోగానికి వెళ్లినా మొదట అడిగేది అదే. నాయెఫ్‌ తప్పిన వారానికే అతని తండ్రి, "చదువు నీకు రాసిపెట్టి లేదురా" అని దూరపు చుట్టం గ్యాస్ బండి మీద ఎక్కించాడు. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి అది చిన్న దెబ్బ కాదు. ఆ దెబ్బ తగిలిన మాట నిజం. దాన్ని ఎవరూ కాదనరు.

కానీ ఇరవై ఎనిమిదేళ్లలో ఆ రెండు మార్కులు చాలా పనులు చేశాయి. పెళ్లి ఆలస్యమైంది వాటివల్లే. సైన్యంలో గుమాస్తా ఉద్యోగం చేజారింది వాటివల్లే. సొంత బండి కొనుక్కోకపోవడం, మోకాళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లకపోవడం, కొడుకు లైత్‌తో సరిగ్గా మాటల్లేకపోవడం, అన్నీ తిరిగి తిరిగి మిఫ్లెహ్ మాస్టారి దగ్గరే ఆగేవి. మళ్లీ రాయొచ్చుగా అని ఎవరైనా అంటే, "ఏం లాభం? దిద్దేది కూడా వాళ్లేగా" అనేవాడు.

కింద రోడ్డు మీద కిరాణా కొట్టు నడిపే రాతిబ్‌కి ఈ కథ కంఠతా వచ్చు. నాయెఫ్ ఎక్కడైనా తడబడితే అందించేవాడు.

భార్య ఇంతిసార్‌కి మాత్రం వేరే సంగతి. పెళ్లిచూపుల్లో ఆ కథ విని ఆమె నిజంగానే ఏడ్చింది. తౌజీహీ తప్పినవాడికి పిల్లనెలా ఇస్తామని తండ్రి అంటే, "తప్పలేదు నాన్నా, తప్పించారు" అని ఎదురు తిరిగి చేసుకుంది. అంతేకాదు, మిఫ్లెహ్ మాస్టారి కూతురు సమీహా ఆమెకి చిన్ననాటి స్నేహితురాలు. పెళ్లయిన దగ్గర్నించీ సమీహాతో మాట మానేసింది. పెళ్లిళ్లలో ఎదురైతే చూపు తిప్పుకునేది. మొగుడి పక్షాన నిలబడటమంటే అదే అనుకుంది.

*

ఆ జనవరిలో మంచు పడుతుందని టీవీలో చెప్పగానే ఊరంతా గ్యాస్ కోసం ఎగబడింది. నాయెఫ్‌కి ఊపిరి సలపలేదు. మధ్యాహ్నం మూడింటికి, పాత చర్చి వెనక మెట్ల మీది ఇంట్లోకి కొత్తగా ఎవరో వచ్చారు, ముసలాయన, హీటర్ ఆగిపోయి వణికిపోతున్నాడని ఫోనొచ్చింది. నాయెఫ్ బండ ఎత్తుకుని వెళ్లాడు. నూటపది మెట్లు. తలుపు తీసిన మనిషి దుప్పటి కప్పుకుని ఉన్నాడు. ఒక కన్ను తెల్లబడింది. రెండో కన్ను మాత్రం సూటిగా చూస్తోంది.

నాయెఫ్ గుర్తుపట్టేశాడు. మిఫ్లెహ్ మాస్టారు. జర్ఖా నగరంలో ఎక్కడో ఉంటున్నాడని విన్నాడు. భార్య పోయాక, కూతురికి దగ్గరగా ఉంటానని సల్త్ వచ్చేశాడట.

ఈ క్షణం కోసం నాయెఫ్ ఎన్ని మాటలు సిద్ధం చేసుకున్నాడో లెక్కలేదు. బండి నడుపుతూ, మెట్లెక్కుతూ, నిద్రపట్టక దొర్లుతూ ఎన్నో సార్లు చెప్పేసుకున్నాడు. ఇప్పుడు మాత్రం ముందు బండ లోపల పెట్టాడు. హీటరుకి గొట్టం బిగించాడు. సబ్బు నురగ పూసి బుడగలొస్తున్నాయేమో చూశాడు. లేవు. వెలిగించాడు. గది నారింజ రంగయింది.

అప్పుడు మోకాళ్ల మీద కూర్చునే, తల తిప్పకుండా అన్నాడు. "మాస్టారూ, నేను మీకు గుర్తున్నానా?"

"లేదు నాయనా. దగ్గరికి రా, చూస్తాను."

"తొంభయ్యో సంవత్సరం. లెక్కల పరీక్ష. కిటికీ పక్క మూడో బల్ల. ఇంకా అయిదు నిమిషాలుండగా నా పేపరు లాక్కున్నారు."

ముసలాయన దుప్పటి సర్దుకున్నాడు. "తర్వాత?"

"తర్వాతేముంది. రెండు మార్కులు తగ్గాయి. ఇదిగో, ఇప్పుడు మీ ఇంటికి గ్యాస్ మోస్తున్నాను."

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. కోప్పడతాడనుకున్నాడు నాయెఫ్. కాదు అంటాడనుకున్నాడు. కాదంటే చెప్పాల్సినవి ఒక మూటెడు ఉన్నాయి.

"నాకు గుర్తులేదు నాయనా. నేను ముప్ఫై ఏళ్లు హాళ్లలో కాపలా ఉన్నాను. వేల పేపర్లు తీసుకున్నాను. టైము కాకుండా తీసుకుని ఉండొచ్చు. నా గడియారం ముందు నడిచి ఉండొచ్చు. ఇంటికి త్వరగా పోవాలనిపించి ఉండొచ్చు, అబద్ధమెందుకు. అలా చేసి ఉంటే తప్పే. నన్ను క్షమించు."

నాయెఫ్ లేచి నిలబడ్డాడు. ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన మాట అంత తేలిగ్గా దొరుకుతుందని అనుకోలేదు. దొరికాక దాన్ని ఏం చెయ్యాలో తెలియలేదు.

"ఒక్కటడగనా?" అన్నాడు మాస్టారు. "ఆ రోజు హాల్లోకి ఎన్నింటికి వచ్చావు?"

పిల్లల్ని అడిగినట్టే అడిగాడు. నిందలేదు ఆ గొంతులో. ఆలస్యంగా వచ్చినవాళ్లని అడగడం అలవాటైపోయిన మనిషి.

నాయెఫ్ ఖాళీ బండ భుజానేసుకుని, "గొట్టం పాతదైంది, మార్పించుకోండి" అని మాత్రం అని, దిగిపోయాడు.

*

కింద రాతిబ్ కొట్టు ముందు ఇద్దరు ముగ్గురు రొట్టెల కోసం నిలబడి ఉన్నారు. సంగతి అప్పుడే పాకిపోయింది. ఆ ఇంటికి గ్యాస్ కావాలని ఫోన్ చేసింది రాతిబ్ చుట్టాలే.

"చూశావా వాణ్ణి?" అన్నాడు రాతిబ్, కళ్లు మెరుస్తూ. "ఏమన్నావు? ముఖం మీదే చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"క్షమించమన్నాడు."

కొట్టు ముందున్నవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. రాతిబ్ బల్ల చరిచాడు. "ఒప్పుకున్నాడన్నమాట. అయిదు నిమిషాలు ముందు లాక్కున్నానని ఒప్పుకున్నాడు. ఇదిగో వినండి, తొంభయ్యో సంవత్సరంలో మనవాడు, లెక్కల్లో క్లాసుకి రెండోవాడు..."

"ఆపు రాతిబ్," అన్నాడు నాయెఫ్.

రాతిబ్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఆ కథ మధ్యలో ఆగడం అతనెప్పుడూ చూడలేదు.

ఇంటికెళ్లేసరికి ఇంతిసార్ పప్పు సూప్‌లో నిమ్మకాయ పిండుతోంది. నాయెఫ్ వంటగది గుమ్మంలోనే నిలబడ్డాడు. బూట్లు కూడా విప్పలేదు.

"ఆ రోజు నేను పరీక్షకి నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను," అన్నాడు.

"ఏ రోజు?"

"లెక్కల పరీక్ష రోజు."

ఇంతిసార్ నిమ్మచెక్క కింద పెట్టింది.

"ముందు రోజు రాత్రి ప్రపంచకప్పు ఫుట్‌బాల్‌లో ఈజిప్టు ఆట ఉంది. హాలండ్ మీద. మా మేనమామ వాళ్లింట్లో చూశాం. ఆట డ్రా అయింది, సంబరంగా చాలాసేపు కూర్చున్నాం. పొద్దున లేవలేకపోయాను. అమ్మ రెండుసార్లు లేపింది. లేచాను, మళ్లీ పడుకున్నాను."

"మరి ఆ అయిదు నిమిషాలు?"

"లాక్కున్నాడు. అది అబద్ధం కాదు. కానీ అంతకుముందు నలభై నిమిషాలు నేనే పారేశాను. ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా చెప్పుకోలేదు, ఆ కథ చెప్పగా చెప్పగా ఆ ముక్క రాలిపోయింది."

ఇంతిసార్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె నవ్వుతుందని, లేకపోతే అరుస్తుందని అనుకున్నాడు. రెండూ చెయ్యలేదు. మెల్లగా అంది: "మా నాన్న పోయే ముందు కూడా నేను ఆయనకి ఇదే చెప్పాను. మా ఆయనకి అన్యాయం జరిగింది, నువ్వే అర్థం చేసుకోలేదు అని. సమీహా అమ్మ పోతే పలకరించడానికి కూడా వెళ్లలేదు నేను."

"తెలుసు."

"తెలిసి ఊరుకున్నావు."

నాయెఫ్‌కి నాన్న వల్ల, పేదరికం వల్ల, చిన్నతనం వల్ల అని కారణాలు నాలుక చివరిదాకా వచ్చాయి. అవన్నీ కొంత నిజమే కూడా. మింగేశాడు. "అవును, ఊరుకున్నాను. అది నా తప్పు," అన్నాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆ మాట ఆమె అతని నోట వినడం అదే మొదలు.

"రేపు నేను సమీహా ఇంటికి వెళ్తాను," అంది ఇంతిసార్ లేస్తూ. "ఆ పని నాది. నువ్వేం చేసుకుంటావో నీ ఇష్టం. ఇంక ఆ కథ మాత్రం నా ముందు ఎత్తకు. సూప్ చల్లారిపోతోంది, బూట్లు విప్పు."

*

మంచు కరిగిన వారానికి నాయెఫ్ విద్యాశాఖ ఆఫీసుకి వెళ్లాడు. ప్రైవేటుగా తౌజీహీ రాసేవాళ్ల వరసలో నిలబడ్డాడు. కిటికీ అవతల గుమాస్తా కాగితాల మీంచి తలెత్తకుండానే, "అబ్బాయి ఫోటో రెండు కాపీలు" అంది.

"అబ్బాయి కాదు, నేనే."

ఆవిడ తలెత్తింది. అతని గడ్డం వంక చూసింది. "పాత మార్కులు పనికిరావు, మామయ్యా. కొత్త సిలబస్. అన్నీ మొదట్నించీ రాయాలి."

పాత నాయెఫ్ అయితే ఆ ఒక్క మాటతో తిరిగొచ్చి రాతిబ్ కొట్టు ముందు నిలబడేవాడు. చూశావా, దారులన్నీ మూసేశారు అనేవాడు. నిజంగా కాళ్లు అటు తిరిగాయి కూడా. రెండు మెట్లు దిగాక ఆగి, మళ్లీ వరస చివర నిలబడ్డాడు.

ట్యూషన్ సెంటర్‌లో అందరూ పద్దెనిమిదేళ్లవాళ్లు. అతను వెనక బల్ల మీద కూర్చునేవాడు. మొదటి రోజు తలుపు తెరుచుకోగానే పిల్లలందరూ లేచి నిలబడ్డారు, ఇన్‌స్పెక్టరనుకుని. తర్వాత "బాబాయ్, గ్యాస్ బండ తెచ్చారా?" అని ఏడిపించారు. వారం గడిచాక అలవాటైపోయింది. లెక్కల టీచరు రూలా, వయసులో అతని కొడుక్కంటే రెండేళ్లు పెద్ద. ఒకసారి నాయెఫ్ హోంవర్క్ చెయ్యలేదు. "అమ్మాయీ, నీకు తెలియదు, చలికాలంలో మా పని ఎలా ఉంటుందంటే, పొద్దున అయిదింటికే..." అని మొదలుపెట్టాడు.

రూలా ఓపిగ్గా వింది. విన్నాక, "సరే అంకుల్. ఇప్పుడు నలభయ్యో పేజీ తియ్యండి," అంది.

ఎవరూ జాలిపడలేదు, ఎవరూ తిట్టలేదు. ఆ కారణం ఎంత పెద్దదైనా, నలభయ్యో పేజీ అలాగే ఉంది. తీశాడు.

అయినా మనిషి ఒక్కరోజులో మారడు. మార్చి నెలలో మూడు వారాలు క్లాసుకి ఎగ్గొట్టాడు. బండి రిపేరు, మోకాలి వాపు, మేనల్లుడి పెళ్లి. ఇంతిసార్ ఒక్క మాట అనలేదు. ఒకరోజు సాయంత్రం ఆమెకి కారణాలు చెప్తూ చెప్తూ, "నిజానికి లెక్కల్లో ఆ మూడో అధ్యాయం అర్థం కాక భయమేసింది" అన్నాడు. తన నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు. ఇంతిసార్ టీలో వాసనకి మరమియ ఆకు వేస్తూ, "అయితే అదే అడుగు ఆ పిల్లని" అంది. మర్నాడు వెళ్లి అడిగాడు. అర్థం కావడానికి నాలుగు రోజులు పట్టింది. అప్పట్నించీ బండి స్టీరింగు పక్కన సూత్రాలు రాసిన అట్టముక్కలు వేలాడేవి. ఎర్ర లైటు పడ్డప్పుడల్లా పెదాలు కదిలేవి.

ఇంతిసార్ సమీహా ఇంటికి వెళ్లింది. మొదటిసారి సమీహా తలుపు సగమే తీసి, కాఫీ కూడా అడగలేదు. రెండోసారి కాఫీ ఇచ్చింది. ఇరవై ఏళ్ల మాట అంత తొందరగా కలవదు. మిఫ్లెహ్ మాస్టారికి గ్యాస్ మాత్రం నాయెఫే తీసుకెళ్లేవాడు. ఆ మంచు రోజు తర్వాత మొదటిసారి వెళ్లినప్పుడే, "నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చాను మాస్టారూ," అని చెప్పేశాడు. "అనుకున్నాను," అన్నాడు ఆయన. లెక్కల్లో ఏమైనా సాయం చేస్తారా అంటే, "నేను భూగోళం చెప్పేవాణ్ణి నాయనా, నాకు లెక్కలు ఎప్పుడూ రాలేదు," అని పగలబడి నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు.

*

ఫలితాల రోజు పొద్దున్నించీ ఊళ్లో హారన్లే. కుర్రాళ్లు కారు కిటికీల్లోంచి సగం బయటికి వేలాడుతూ అరుస్తున్నారు. నాయెఫ్ ఫోన్లో నంబరు కొట్టాడు. వేలు తప్పింది, మళ్లీ కొట్టాడు. లెక్కలు అరవై ఒకటి. అరబ్బీ డెబ్భై. చరిత్ర పాస్. మతబోధ పాస్. ఇంగ్లీషు ముప్ఫై తొమ్మిది.

ఒక్క సబ్జెక్టు పోయిందంటే తౌజీహీ పోయినట్టే.

రాతిబ్ కొట్టు దగ్గరికి వెళ్లేసరికి ఎవరో ముందే చెప్పేసినట్టున్నారు. రాతిబ్ చేతులు చాపుకుంటూ బయటికొచ్చాడు. మొహంలో నిజమైన బాధ ఉంది. అతను మంచి స్నేహితుడు, అందులో అనుమానం లేదు.

"విన్నాను అబూ లైత్. మళ్లీ అదే చేశారు నీకు. ఈసారి ఇంగ్లీషు పేపరు సిలబస్‌లో లేనిదంట. టీవీలో కూడా చెప్పారు, ఆడపిల్లలు హాలు బయట ఏడ్చారు. నీలాంటివాణ్ణి ఎదగనివ్వరు వీళ్లు."

పక్కనున్న ఇంకో ముసలాయన తలూపాడు. "పాపం, రెండోసారి."

నాయెఫ్‌కి ఆ మాటలు చెవికి ఎంత హాయిగా వినిపించాయో చెప్పలేం. బాగా అలసిపోయినవాడికి పరుపు పరిచినట్టుంది. ఒక్క "అవును" అంటే చాలు, టీ వస్తుంది, కుర్చీ వస్తుంది, ఇంకో ఇరవై ఏళ్లకి సరిపడా కథ వస్తుంది. రాతిబ్ అప్పటికే కుర్చీ లాగుతున్నాడు.

"పేపరు బాగానే ఉంది రాతిబ్," అన్నాడు చివరికి. "సిలబస్‌లోదే. నేను చదవలేదు."

"అదేంటి, ఆర్నెల్లు నీ బండిలో పుస్తకాలు చూస్తూనే ఉన్నాంగా."

"లెక్కల పుస్తకాలు చూశావు. ఇంగ్లీషంటే నాకు సిగ్గు. క్లాసులో తప్పు పలికితే పిల్లలు నవ్వుతారని ఆ పుస్తకం తెరవలేదు. చివరి వారం తెరిచాను. ముప్ఫై తొమ్మిది కూడా ఎక్కువే ఇచ్చారు."

రాతిబ్ కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. ఇలాంటివాణ్ణి ఎలా ఓదార్చాలో ఎవరికీ అలవాటు లేదు. "అయితే టీ తాగుతావా?" అన్నాడు.

"తాగుతాను," అన్నాడు నాయెఫ్. కూర్చుని తాగాడు. ఆ టీ తాగేంతసేపూ మాట్లాడుకున్నది రాతిబ్ కూతురి పెళ్లి గురించి.

ఆ సాయంత్రం ఇంట్లో మాత్రం ఏడ్చాడు. మొహం కడుక్కునే నెపంతో కుళాయి తిప్పి ఏడ్చాడు. ఇంతిసార్ తువ్వాలు తెచ్చి బయటే నిలబడింది. సైన్యంలో ఉన్న లైత్ ఫోన్ చేశాడు. మామూలుగా తల్లితో మాట్లాడి పెట్టేసేవాడు. ఆ రోజు తండ్రికివ్వమన్నాడు.

"ఏమైంది నాన్నా?"

"ఇంగ్లీషు తప్పాను."

"పేపరు కష్టమంటున్నారు కదా."

"చదవలేదురా."

లైత్ అన్నాడు. "నాకు కొంచెం వచ్చు నాన్నా. ఇక్కడ మా కాంపులో విదేశీయులతో మాట్లాడి మాట్లాడి వచ్చింది. శుక్రవారాలు ఫోన్ చేస్తాను. నువ్వు తప్పు పలికినా నేను నవ్వను." ఆగి, "కొంచెం నవ్వుతానేమో," అన్నాడు.

తప్పిన ఇంగ్లీషు ఒక్కటీ మళ్లీ రాసే విడత చలికాలంలో వచ్చింది. గ్యాస్ గిరాకీ ఊపిరాడనివ్వని రోజులే. నాయెఫ్ పరీక్ష రోజుకి సెలవు ముందే అడిగి పెట్టుకున్నాడు. హాలు తెరవడానికి గంట ముందే వెళ్లి గేటు బయట నిలబడ్డాడు. వాచ్‌మన్ చలికాచుకోవడానికి లోపలికి పిలిచాడు. ఇంగ్లీషులో యాభై నాలుగు వచ్చాయి, దాంతో తౌజీహీ పాసయ్యాడు.

ఇంజనీరు కాలేదు. ఆ నలభై నిమిషాలు పారేసుకోకపోయినా అయ్యేవాణ్ణో కాదో తెలియదని ఇప్పుడు అంటాడు. గ్యాస్ డిపోలో, తౌజీహీ పాసయినవాళ్లకే ఇచ్చే భద్రతా తనిఖీ శిక్షణ ఒకటుంది, దానికి పేరిచ్చాడు. పిలుపు వచ్చేదాకా బండి నడపాల్సిందే.

పాసయిన రోజు సాయంత్రం ఇంతిసార్ కునాఫా మిఠాయి తెచ్చింది. సమీహా ఇంటికి ఒక పళ్లెం, మాస్టారికి ఒక పళ్లెం పంపించింది. చూడవచ్చిన ఇరుగుపొరుగు వెళ్లిపోయాక పళ్లేలు కడుగుతూ అడిగింది:

"మరి ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు?"

"ఇప్పుడా? నిద్రపోతాను," అన్నాడు నాయెఫ్. "రేపు ఏడింటికి బండి తియ్యాలి. అలారం పెట్టు. కాదులే, నేనే పెట్టుకుంటాను."